తెల్లపూల హీత్: ముందు నేల, ఆ తర్వాతే రంగు

క్లుప్తంగా

హీత్ అంటే సూదుల్లాంటి ఆకులతో, చిన్న గంటల్లాంటి పూలతో ఉండే పొద. ‘తెల్ల హీత్’ అన్నది ఒకే మొక్క పేరు కాదు. ఆ చీటీతో చాలా జాతులు అమ్ముడవుతాయి. వాటిలో కొన్ని సున్నం ఉన్న నేలను ఓర్చుకుంటాయి, కొన్ని ఏమాత్రం ఓర్వవు. కొన్ని గడ్డకట్టే చలిలోనే పూస్తాయి, కొన్ని ఆ చలి తగిలిన మొదటి రాత్రికే పోతాయి. నాటిన హీత్ చనిపోవడం వెనుక ఎక్కువగా కనిపించే కారణాలు మూడు: నేలకు పొసగని జాతిని ఎంచుకోవడం, నేల పైపొరలోనే ఉండే సన్నని వేళ్లు ఎండిపోవడమో నీళ్లలో నానిపోవడమో, ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కత్తెర దించడం.

ఒక చీటీ, ఎన్నో మొక్కలు

హీత్, హీదర్ అనే మాటలను నర్సరీల్లో ఒకదానికి బదులు ఇంకొకటి వాడేస్తుంటారు. వృక్షశాస్త్రంలో హీత్ అంటే ఎరికా ప్రజాతి. అందులో 800కు పైగా జాతులున్నాయి. అత్యధిక భాగం దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానివి. యూరప్‌కు చెందినవి ఇరవై దాకా ఉంటాయి. హీదర్ అంటే కాలూనా వల్గారిస్. ఆ ప్రజాతిలో ఉన్నది అదొక్కటే. మొదట్లో దాన్ని కూడా ఎరికాలోనే లెక్కించేవారు. 1802లో సాలిస్‌బరీ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని విడదీసి, ఊడ్చడమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి కొత్త పేరు పెట్టాడు. ఆ మొక్కతో చీపుళ్లు కట్టేవారు మరి.

పూలు లేనప్పుడు కూడా రెండింటినీ ఆకుతో గుర్తుపట్టవచ్చు. ఎరికా ఆకులు సూదుల్లా ఉండి, కాండం చుట్టూ మూడో నాలుగో కలిసి ఒక వలయంగా వస్తాయి. కాలూనా ఆకులు పొలుసుల్లా చిన్నవి. ఎదురెదురుగా, ఒకదాని మీద ఒకటి పరిచినట్టు నాలుగు వరుసల్లో కాండాన్ని అంటుకుని ఉంటాయి. ఈ తేడా శాస్త్రవేత్తలకే పరిమితమైన సంగతి కాదు. కాలూనాకు ఆమ్ల నేల తప్పనిసరి, అది వేసవి చివర పూస్తుంది. ఎరికాలో నేల అవసరం జాతిని బట్టి మారుతుంది, పూత కాలం కూడా అంతే. సున్నపు నేలలో తెల్ల కాలూనా నాటినవారికీ, అదే నేలలో తెల్ల ఎరికా కార్నియా నాటినవారికీ పూర్తిగా వేర్వేరు ఫలితాలు రావడం అందుకే. ఇద్దరూ తాము నాటింది తెల్ల హీతేనని చెబుతారు.

శరదృతువులో చిన్న కుండీల్లో వచ్చే మొక్కలు ఈ అయోమయాన్ని ఇంకా పెంచుతాయి. వాటిలో చాలా భాగం ఎరికా గ్రాసిలిస్. ఇది కేప్ మొక్క, గడ్డకట్టే చలిని తట్టుకోదు. కొన్ని వారాల అలంకరణ కోసం పెంచి అమ్మేదే తప్ప తోటలో ఏళ్ల తరబడి ఉండేది కాదు. అదే బల్ల మీద ఉండే మరికొన్ని, మొగ్గ విచ్చని కాలూనా రకాలు. మొగ్గ విచ్చదు కాబట్టి పరాగసంపర్కం జరగదు, పువ్వు వడలదు, తెలుపు నెలల తరబడి నిలుస్తుంది. చూసేవారికి అది లాభమే. తేనెటీగకు మాత్రం అక్కడ ఏమీ దొరకదు. రంగు చల్లి అమ్మే మొక్కలూ ఉంటాయి; కొత్త చిగురు వేసేసరికి వాటి అసలు రంగు బయటపడుతుంది.

ఏ తెలుపు ఏ నేలకు

తోటలో నిలిచే తెల్ల రకాల్లో ముందు చెప్పుకోవలసింది ఎరికా కార్నియా ‘స్ప్రింగ్‌వుడ్ వైట్’. ఇటలీ కొండల మీద కనిపించిన తెల్ల మొక్కను స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ దగ్గర స్ప్రింగ్‌వుడ్ అనే ఇంటికి తెచ్చి పెంచారు. పేరు ఆ ఇంటిదే. ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు, విస్తరణ అర మీటరు దాకా. కొమ్మలు నేల మీద పాకుతూ గుబురుగా కమ్మేస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు పూస్తుంది. తెల్లని గంటల్లోంచి గోధుమరంగు పుప్పొడి తిత్తులు బయటికి పొడుచుకు వస్తాయి. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా ఓర్చుకుంటుంది. ఇక్కడ చెప్పిన నెలలన్నీ ఉత్తరార్ధ గోళానివి; దక్షిణార్ధ గోళంలో ఆరు నెలలు జరిపి చూసుకోవాలి.

కార్నియా ఆల్ప్స్ పర్వతాల్లో సున్నపురాతి వాలుల మీద సహజంగా పెరిగే జాతి. హీత్‌కు ఆమ్ల నేల కావాలన్న సాధారణ సలహా దీని విషయంలో సగమే నిజం. తటస్థ నేలలో ఇది హాయిగా పెరుగుతుంది, కాస్త క్షార నేలను కూడా భరిస్తుంది. ఇదే గుణం దీని సంకరానికి వచ్చింది. కార్నియా, ఎరికా ఎరిజీనా కలిసి పుట్టిన ఎరికా డార్లియెన్సిస్ మొదట ఇంగ్లండ్‌లోని డార్బీషైర్‌లో, డార్లీ డేల్ నర్సరీలో 19వ శతాబ్దం చివర కనిపించింది. అందులో ‘వైట్ పర్ఫెక్షన్’, ‘జిల్బర్‌ష్మెల్జ్’ తెల్లనివి. రెండూ 35 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు పెరిగి చలికాలమంతా పూస్తాయి. సంకరం కావడంతో పెరుగుదల జోరు ఎక్కువ. మొదటిసారి హీత్ నాటేవారికి కార్నియా కంటే ఇదే సులువని చెప్పవచ్చు. ఇంకొంచెం ఎత్తు కావాలంటే ఎరిజీనాలోనే ‘డబ్ల్యు.టి. రాక్‌లిఫ్’ ఉంది. 60 నుంచి 75 సెంటీమీటర్ల గుండ్రని పొద, వసంతంలో పూత. దాని కొమ్మలు పెళుసు. మంచు బరువు పడితే విరుగుతాయి.

వేసవి చివర పూసే తెలుపు కావాలంటే ఎరికా వాగన్స్ ‘లయనెస్’. ఈ జాతి ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లోని లిజార్డ్ ద్వీపకల్పంలో సర్పెంటైన్ రాతి నేలల మీద పెరుగుతుంది. మెగ్నీషియం దండిగా ఉండే అలాంటి నేలలకు అలవాటు పడిన జాతి కాబట్టి ఆమ్లత కొంత తగ్గినా ఓర్చుకుంటుంది. ఎరికా సినీరియా, ఎరికా టెట్రాలిక్స్ తెల్ల రకాలకు మాత్రం ఆ ఓర్పు లేదు. రెండింటికీ ఆమ్ల నేల కావాలి. నీటి విషయంలో ఆ రెండూ మళ్లీ ఎదురెదురు: సినీరియాకు నీరు త్వరగా ఇంకిపోయే ఇసుక నేల, టెట్రాలిక్స్‌కు చిత్తడి నేల. బూడిదరంగు వెండి ఆకులతో కనువిందు చేసే ‘ఆల్బా మాలిస్’ టెట్రాలిక్స్ రకమే. దాన్ని ఎండు గట్టు మీద నాటితే మొదటి వేసవి దాటదు.

చెట్టంత ఎదిగే తెల్ల హీత్ ఎరికా ఆర్బోరియా. మధ్యధరా తీరం నుంచి తూర్పు ఆఫ్రికా ఎత్తైన పర్వతాల దాకా దీని నివాసం. తోటలో 2 నుంచి 4 మీటర్లు పెరుగుతుంది, వసంతంలో తేనె వాసన వేసే చిన్న తెల్లపూలతో నిండిపోతుంది. నేల దగ్గర కాండం ఉబ్బి గట్టి కొయ్యగడ్డ అవుతుంది. పొగ పీల్చే బ్రయర్ పైపులు ఆ గడ్డతోనే చేస్తారు. ఆమ్లం నుంచి తటస్థం వరకు ఉన్న నేల దీనికి సరిపోతుంది. దీన్ని పోలిన ఎరికా లుసిటానికా పోర్చుగల్ వైపు మొక్క. మొగ్గలో గులాబీ ఛాయ, విచ్చాక తెలుపు. న్యూజిలాండ్‌లోనూ ఆస్ట్రేలియాలో కొన్ని చోట్లా, కాలిఫోర్నియాలోనూ అది తోట దాటి కలుపుగా పాకింది. ధూళి లాంటి గింజలను లెక్కలేనన్ని రాలుస్తుంది. అలాంటి వాతావరణమున్న చోట దాన్ని నాటకపోవడమే మేలు.

తెలుపు ఎలా వస్తుంది

కార్నియా అనే లాటిన్ మాటకు మాంసపు రంగు అని అర్థం. అడవి మొక్క పూలు గులాబీ రంగువే. రేకుల్లో ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్ తయారీ ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆగిపోతే పువ్వు తెల్లగా వస్తుంది. కాబట్టి నేలలో ఏం కలిపినా తెల్ల హీత్ గులాబీగానో, గులాబీది తెల్లగానో మారదు. హైడ్రాంజియాలో ఆమ్లతను బట్టి రంగు మారడం చూసినవారు హీత్‌లో కూడా అలాగే జరుగుతుందనుకుంటారు. ఆ రసాయన క్రియ ఇక్కడ లేదు.

దీని నుంచి ఆచరణలో రెండు సంగతులు తేలుతాయి. తెల్ల మొక్క గింజల నుంచి తెల్ల మొక్కలే వస్తాయన్న హామీ లేదు. చుట్టుపక్కల గులాబీ మొక్కల పుప్పొడి తేనెటీగలు తెచ్చే ఉంటాయి. అందుకే రకాన్ని కొమ్మ ముక్కలతోనే పెంచుతారు. ఒకే మొక్కలో ఒక కొమ్మ మాత్రం గులాబీగా పూస్తే అది పాత రంగుకు తిరిగి మళ్లిన కొమ్మ. మొదలు దాకా తీసేయాలి. లేకపోతే జోరుగా పెరిగి మిగతాదాన్ని కమ్మేస్తుంది.

అసలు కథ వేళ్లలో

హీత్ పెంపకంలో వినిపించే నియమాలు విడివిడిగా చూస్తే చాదస్తంగా అనిపిస్తాయి: సున్నం వద్దు, ఎరువు వద్దు, లోతుగా తవ్వి కలుపు తీయవద్దు, పాదు కట్టి నీళ్లు నిలపవద్దు. వీటన్నిటికీ మూలం ఒకే చోట ఉంది. హీత్ కుటుంబపు మొక్కల చివరి వేళ్లు మనిషి వెంట్రుకంత సన్నం. ఇతర మొక్కల వేళ్లకుండే నూగు వీటికి ఉండదు. ఆ లోటును ఒక శిలీంధ్రం పూడుస్తుంది. అది వేరు పైపొర కణాల్లోకి వెళ్లి చుట్టలు చుట్టుకుని ఉంటుంది, బయటి మట్టిలోకి దారాలు పంపుతుంది. ఆకులు, కొమ్మలు కుళ్లిన పదార్థంలో చిక్కుకున్న నత్రజనిని, భాస్వరాన్ని విడగొట్టి మొక్కకు అందిస్తుంది. బదులుగా మొక్క నుంచి చక్కెరలు తీసుకుంటుంది.

ఇది బీద నేలలో బతకడానికి ఏర్పడిన ఒప్పందం. ఎరువు దండిగా వేసిన నేలలో దాని అవసరం పోతుంది. పైగా ఎరువు లవణాలు ఆ సన్నని వేళ్లను మాడుస్తాయి. నత్రజని ఎక్కువైతే కొమ్మలు పొడుగ్గా, మెత్తగా సాగి పొద మధ్యలో విచ్చిపోతుంది. నేలలో నాటిన హీత్‌కు ఏటా బెరడు పొర పరచడం తప్ప వేరే పోషణ సాధారణంగా అక్కర్లేదు. కోళ్ల ఎరువు, కట్టెల బూడిద, సున్నం కలిసి ఉండే పుట్టగొడుగుల కంపోస్టు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.

ఈ వేళ్లలో ఎక్కువ భాగం పై 10 నుంచి 15 సెంటీమీటర్లలోనే అల్లుకుని ఉంటుంది. ముందుగా ఎండేది ఆ పొరే, వేసవిలో ముందుగా వేడెక్కేదీ అదే. గడ్డపారతో కలుపు తీస్తే తెగేది కూడా ఆ పొరే. నేలలో చాపలా పరచుకున్న కలుపు వేళ్లుంటే హీత్ నాటకముందే పూర్తిగా ఏరేయాలి, తర్వాత తీయడం సాధ్యం కాదు.

పీహెచ్, ఇనుము, సున్నం

సున్నపు నేలలో హీత్ ఆకులు పచ్చబడటానికి కారణం సున్నం విషం కావడం కాదు, ఇనుము అందకపోవడం. నేలలో ఇనుము ఉంటుంది. కానీ పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే కొలత; 7 తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం) ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగి ఉండే ఫెర్రిక్ ఇనుము సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. ఇనుము లేనిదే పత్రహరితం తయారవదు. ముందు చివుళ్లు లేత పసుపుకు తిరుగుతాయి, ముదురు ఆకులు కొంతకాలం పచ్చగానే ఉంటాయి. నత్రజని లోపంలో దీనికి తిరగేసి, ముదురు ఆకులే ముందు పాలిపోతాయి. ఈ తేడా గమనించకుండా ఎరువు వేయడం చాలామంది చేసే పొరపాటు.

ఆమ్లత కోరే జాతులకు పీహెచ్ 4.5 నుంచి 6 మధ్య ఉండాలి. కార్నియా, డార్లియెన్సిస్, ఎరిజీనాలకు 7 దాకా ఇబ్బంది లేదు. కొలిచే పెట్టె లేకపోయినా ఒక పరీక్ష చేయవచ్చు. ఎండిన మట్టి చెంచాడు తీసుకుని వెనిగర్ పోయాలి. బుస్సుమని నురగ వస్తే మట్టిలో సున్నపురాతి పొడి ఉన్నట్టే. నురగ రాకపోతే పీహెచ్ తెలియదు కానీ, మార్చడానికి అవకాశముందని అర్థం.

నురగ వచ్చే నేలను గంధకంతో ఆమ్లంగా మార్చాలనుకోవడం ఎందుకు వృథా అవుతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక చదరపు మీటరు నేల, 20 సెంటీమీటర్ల లోతు వరకు, సుమారు 260 కిలోల బరువు ఉంటుంది. అందులో 5 శాతం సున్నపు రాయి అంటే 13 కిలోలు. ఆ సున్నాన్ని విరవడానికే 4 కిలోలకు పైగా గంధకం కావాలి, పీహెచ్ దిగడం మొదలయ్యేది ఆ తర్వాతే. అన్ని కిలోల గంధకం వేయడం ఆచరణలో కుదిరే పని కాదు. సున్నం లేని నేలలో లెక్క వేరు. పీహెచ్ ఒక అంకె తగ్గించడానికి ఇసుక నేలలో చదరపు మీటరుకు సుమారు 50 గ్రాములు, బరువైన నేలలో 100 గ్రాములో అంతకు కొంచెం ఎక్కువో సరిపోతుంది. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది బాక్టీరియా కాబట్టి చల్లని నేలలో ఆ పని సాగదు. వెచ్చని నేలలో కూడా కొన్ని నెలలు పడుతుంది. నాటడానికి ఆరు నెలల ముందే కలిపి, మళ్లీ పీహెచ్ కొలిచి చూడాలి.

నురగ వచ్చే చోట ఉన్న దారులు రెండే: కార్నియా గుంపు జాతులకు పరిమితం కావడం, లేదా కుండీ. ఆమ్ల మట్టితో గుంట నింపి నాటడం మూడో దారిలా కనిపిస్తుంది కానీ కొన్నేళ్లలో చుట్టూ ఉన్న నేల నీరు సున్నాన్ని లోపలికి మోసుకొస్తుంది.

కుండీలో ఆమ్ల మిశ్రమం వేసినంత మాత్రాన పని అయిపోదు. పోసే నీళ్లలో లీటరుకు 300 మిల్లీగ్రాముల సున్నపు కాఠిన్యం ఉందనుకుంటే, వారానికి 3 లీటర్ల చొప్పున ఏడాదిలో ఆ కుండీలోకి సుమారు 45 గ్రాముల సున్నం చేరుతుంది. మొదటి ఏడు బాగున్న మొక్క రెండో ఏడు పాలిపోవడానికి ఎక్కువ సందర్భాల్లో ఇదే కారణం. వాన నీరు పట్టి పోయడం తేలికైన మార్గం. లేకపోతే నీటిని మరిగించి చల్లార్చి, అడుగున తెల్లగా పేరుకున్నది వదిలి పైతేట వాడితే కాఠిన్యంలో చాలా భాగం పోతుంది. పాలిపోయిన మొక్కకు తాత్కాలికంగా కీలేట్ ఇనుము, అంటే నేలలో బిగుసుకుపోకుండా వేరే పదార్థంతో కట్టిపట్టిన ఇనుము, ఇవ్వవచ్చు. ఆ పట్టే పదార్థాన్ని బట్టి దాని రూపాలు మారతాయి. క్షార నేలలో ఈడీటీఏ రూపం విడిపోయి పనిచేయదు, ఈడీడీహెచ్‌ఏ రూపమే కావాలి.

నాటే పద్ధతి

నాటడానికి శరదృతువు ఉత్తమం. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, వేసవిలోపు వేళ్లు సాగుతాయి. చలి తీవ్రంగా ఉండే చోట వసంతం మొదట్లో నాటడం మంచిది. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగిలే చోటు కావాలి. కార్నియా కొంత నీడను ఓర్చుకుంటుంది కానీ పూత పలచబడుతుంది.

నేలను 20 నుంచి 25 సెంటీమీటర్ల లోతు గుల్లచేసి, కుళ్లిన పైన్ బెరడో ఆకుమట్టో 5 సెంటీమీటర్ల మందాన పరచి పై 15 సెంటీమీటర్లలో కలపాలి. చదరపు మీటరుకు అది 50 లీటర్లవుతుంది. బంకమట్టి అయితే గుంట తవ్వి అందులో మెత్తటి మిశ్రమం నింపకూడదు. చుట్టూ నీరు ఇంకని గోడలుంటే ఆ గుంట బకెట్‌లాగే పనిచేస్తుంది, వానాకాలంలో వేళ్లు అందులో మునుగుతాయి. నేల మట్టానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున మట్టి పోసి గట్టు చేసి, దాని మీద నాటాలి.

నాటేముందు మొక్కను కుండీతో సహా నీళ్ల బకెట్‌లో ముంచి బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి. ఈ పని అనవసరమనిపించి వదిలేసేవారు ఎక్కువ. నర్సరీ కుండీలోని పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన నాచు మట్టి) ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పీల్చుకోదు, పైన పోసిన నీరు దాని పక్కనుంచి జారిపోతుంది. చుట్టూ నేల తడిగా ఉన్నా వేరుముద్ద లోపల పొడిగానే ఉండిపోతుంది. అదే కారణంతో వేరుముద్ద అంచులను వేళ్లతో కాస్త చిదిపి విడదీయాలి. చిదపని ముద్దలోంచి వేళ్లు కొత్త మట్టిలోకి రావు. ఏడాది తర్వాత ఎండిపోయిన మొక్కను పైకి లాగితే ముద్ద కుండీ ఆకారంలోనే ఊడి రావడం ఇందుకు నిదర్శనం.

లోతు విషయంలో హీత్ మిగతా పొదలకు భిన్నం. అడుగు ఆకులు నేలను తాకేంత లోతుగా నాటాలి. బోసి కాండం బయట కనిపిస్తే గాలికి ఊగి వేళ్లు తెగుతాయి. మట్టిలోకి వెళ్లిన కాండం నుంచి కొత్త వేళ్లు కూడా వస్తాయి. చెట్టు హీత్‌కు ఇది వర్తించదు, దాన్ని కుండీలో ఉన్న మట్టానికే నాటాలి. పొట్టి రకాలకు మొక్కకూ మొక్కకూ 40 నుంచి 45 సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరుకు ఐదు మొక్కలు. రెండు మూడేళ్లలో అవి కలిసిపోయి కలుపును మూసేస్తాయి. ఆలోపు 3 నుంచి 5 సెంటీమీటర్ల బెరడు పొర ఆ పని చేస్తుంది. మొదటి చలికాలంలో మంచు బిగిసి కరిగినప్పుడల్లా కొత్త మొక్కలు పైకి లేస్తాయి. చేత్తో మళ్లీ అదిమి పెట్టాలి.

నీరు: ఎండినా నానినా ఒకటే ముఖం

చాలా మొక్కలు దాహమైతే ఆకులు వాల్చి చెబుతాయి. హీత్ చెప్పదు. దాని ఆకులు గట్టివి, అంచులు లోపలికి ముడుచుకుని ఉంటాయి, వాలవు. అవి తుప్పురంగుకు తిరిగి రాలేనాటికి వేళ్లు చనిపోయి రోజులు గడిచిపోయి ఉంటాయి. ఆ దశలో నీళ్లు పోసినా ఫలితం ఉండదు. అందుకే కంటితో కాక వేలితో చూడాలి. 5 సెంటీమీటర్ల లోతున మట్టి పొడిగా తగిలితే నీళ్లు పోయాలి. కుండీ అయితే ఎత్తి బరువు చూస్తే చాలు. మొదటి వేసవిలో వాన లేని వారాల్లో మొక్కకు 1.5 నుంచి 2 లీటర్ల చొప్పున వారానికి రెండుసార్లు అవసరమవుతుంది. రెండో ఏడు నుంచి నేలలోని కార్నియా, వాగన్స్ చాలావరకు తమంతట తాము నెట్టుకొస్తాయి. టెట్రాలిక్స్ మాత్రం ఎప్పుడూ తడి కోరుతుంది.

రెండో ప్రమాదం ఫైటాఫ్తొరా సిన్నమోమి అనే వేరుకుళ్లు. దీని బీజాలు నీటిలో ఈదుతూ వేళ్లను చేరతాయి. 24 నుంచి 28 డిగ్రీల నేల వేడిలో, నీరు నిలిచినప్పుడు విజృంభిస్తుంది. ఒక కొమ్మ, తర్వాత పక్క కొమ్మ బూడిదరంగుకు తిరిగి ఎండుతాయి. పైకి చూస్తే అచ్చం ఎండకు మాడినట్టే ఉంటుంది. దాంతో ఇంకా నీళ్లు పోస్తారు, రోగానికి ఇంకా సాయమవుతుంది. తేడా తెలియాలంటే ముందు మట్టి తాకాలి. తడిగా ఉండి మొక్క ఎండుతుంటే అనుమానించాలి. కాండం మొదట్లో గోటితో గీరితే బెరడు కింద పచ్చగా కాక గోధుమరంగుగా ఉంటుంది, వేళ్లు నల్లబడి తొడుగు ఊడి వస్తుంది. ఇంటి తోటలో దీనికి మందు లేదు. మొక్కను మట్టితో సహా తీసేయాలి, అదే చోట మళ్లీ హీత్ నాటకూడదు.

వేడి, తేమ కలిసి ఉండే పల్లపు ప్రాంతాల్లో యూరప్ హీత్‌లు నిలవకపోవడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. గాలి వేడి కంటే రాత్రిళ్లు చల్లబడని నేల వేడి ఎక్కువ హాని చేస్తుంది. వేసవి రాత్రులు చల్లగా ఉండే ఎత్తైన చోట్ల ఆర్బోరియాకు అవకాశముంది. మిగతా చోట్ల లేతరంగు మట్టి కుండీ, ఉదయపు ఎండ, పైన బెరడు పొర ఉన్నా కూడా ఒకటి రెండు సీజన్ల పూతకు మించి ఆశించడం కష్టం.

కత్తెర ఎక్కడ ఆగాలి

హీత్‌ను కత్తిరించకుండా వదిలేస్తే ఏటా కొమ్మ చివరే పెరుగుతుంది, అడుగు బోసిపోతుంది. నాలుగైదేళ్లకు పొద మధ్యలో విచ్చి, కర్రలు బయటపడి, పచ్చదనం అంచుల్లోనే మిగులుతుంది. అప్పుడు కంగారుపడి మొదలు దాకా నరికితే చాలా జాతులు చస్తాయి. ఆకులు రాలిపోయిన ముదురు కొయ్య మీద చిగురించగల నిద్రాణ మొగ్గలు దాదాపు ఉండవు. కాబట్టి సూత్రం ఒకటే: పూలకంకికి కొంచెం కింద, ఆకులున్న భాగంలోనే కత్తిరించాలి. కత్తెర కింద పచ్చని ఆకులు మిగిలి తీరాలి.

ఎప్పుడు కత్తిరించాలన్నది మొగ్గ ఎప్పుడు కడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కార్నియా, డార్లియెన్సిస్ వచ్చే చలికాలపు మొగ్గలను ముందు వేసవిలోనే కడతాయి. వాటిని పూత అయిన వెంటనే, ఏప్రిల్‌లో కత్తిరించాలి. శరదృతువులో తోట సర్దుతూ వాటి మీద కూడా కత్తెర ఆడిస్తే ఆ ఏడాది పూతంతా నేలపాలు. వేసవిలో పూసే వాగన్స్, సినీరియా, టెట్రాలిక్స్‌లను మార్చిలో, చిగురు మొదలవకముందు కత్తిరించాలి. వాటి ఎండు పూలు చలికాలంలో కింది చిగురుకు కప్పులా పనిచేస్తాయి. ‘స్ప్రింగ్‌వుడ్ వైట్’కు ఏటా కత్తిరింపు అక్కర్లేదు, హద్దు దాటిన కొమ్మలు తీస్తే చాలు.

చెట్టు హీత్ ఈ నియమానికి మినహాయింపు. మొదలులో ఉన్న కొయ్యగడ్డ నిండా నిద్రాణ మొగ్గలుంటాయి. అడవిలో మంటలకు పైభాగం కాలిపోయినా అక్కడినుంచే మళ్లీ మొలుస్తుంది. పాతబడిన ఆర్బోరియాను పూత తర్వాత బాగా కిందికి కత్తిరించినా తేరుకుంటుంది. నాటిన మొదటి రెండు మూడేళ్లలో వసంతంలో కొమ్మలను గట్టిగా కుదిస్తే గుబురుగా పెరుగుతుంది.

కొత్త మొక్కలు

జులై నుంచి సెప్టెంబరు మధ్య, పూయని పక్క కొమ్మల చివర్లు 3 నుంచి 5 సెంటీమీటర్లు తుంచి, అడుగు సగం ఆకులు తీసి, పీట్ లేదా మెత్తటి బెరడుతో సమపాళ్లలో ఇసుకో పెర్లైటో (వేడికి ఉబ్బిన తేలికైన తెల్ల రాతి గుళ్లు) కలిపిన మిశ్రమంలో గుచ్చాలి. పైన పారదర్శకమైన మూత, ఎండ తగలని వెలుతురు. రెండు నెలలు అటూఇటూగా వేళ్లు వస్తాయి. పాకే రకాలకు ఇంత శ్రమ అక్కర్లేదు. కొమ్మను నేలకు వంచి అంటు తొక్కి, మీద రాయి పెడితే ఏడాదిలో విడదీయవచ్చు.

కర్రబారిపోయిన పాత పొదను ఇక పారేయడమే అనుకునే దశలో కూడా ఒక దారి ఉంది. వసంతంలో దాన్ని వేరుముద్దతో పెకలించి, ఆ గుంటనే ఇంకా లోతు చేసి, కొమ్మల చివర్లు 3 నుంచి 5 సెంటీమీటర్లే బయట కనిపించేలా దించాలి. కొమ్మల మధ్య ఖాళీల్లోకి ఇసుక, పీట్ కలిపిన పొడి మిశ్రమాన్ని వేళ్లతో కూరుతూ నింపాలి. అడుగున గాలి సందులు మిగిలితే అక్కడ వేరు రాదు. వేసవంతా తడి ఆరకుండా చూసుకుంటే మరుసటి ఏడు తవ్వేసరికి పాతిన ప్రతి కొమ్మకూ సొంత వేళ్లు ఉంటాయి. వాటిని విడిగా కోసి నాటుకుని, పాత మొద్దును అప్పుడు పారేయవచ్చు.